గడ్డి ఎత్తు చూసి మోసపోకండి: కోతకి ఏది, ఎండబెట్టడానికి ఏది, మేపడానికి ఏది?

ఈరోజు గడ్డి గురించి మాట్లాడుకుందాం. అవును, బర్రెలు తినే గడ్డే. డెయిరీ లోన్ గురించి ఎపిసోడ్ చేసినప్పటి నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఎకరం పొలం ఉంది, ఒక బోరు ఉంది. ఏ గడ్డి పెట్టమంటావ్? సూపర్ నేపియరా, రెడ్ నేపియరా, సీఓ-4 ఆ?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు, వీడియో రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ అలాంటి రెండు నిమిషాల వీడియో చూసే నేను నాలుగేళ్ల కింద గడ్డి పెట్టాను. ఆ ఎండాకాలం మా కొట్టంలో ఒక చూడి పడ్డ పోయింది. అందుకని ఈరోజు కొంచెం నిదానంగా చెప్తాను. హడావుడిలో ఉంటే సేవ్ చేసుకుని రాత్రికి చూడండి.

మాది దేవరకొండ వైపు. నల్ల రేగడి కాదు, ఎర్ర చెలక. రెండెకరాలు, ఒక బోరు, మూడు బర్రెలు, ఒక పడ్డ, నాన్నవి పన్నెండు గొర్రెలు. నేను అప్పుడే హైదరాబాద్‌లో జాబ్ మానేసి ఊరికి వచ్చాను. ఫోన్‌లో ఒక రీల్ కనిపించింది. ఒకాయన గడ్డిలో నిలబడి చెయ్యి పైకెత్తాడు, గడ్డి ఆయన చేతికన్నా ఎత్తుగా ఉంది. కింద రాసి ఉంది: "ఎకరానికి రెండు వందల టన్నులు." అంతే. ఇరవై గుంటలకి ఆరున్నర వేల ముక్కలు తెప్పించాను. ముక్కకి రూపాయిన్నర. దాదాపు పది వేలు, ఆటో కిరాయి కాకుండా.

జూలైలో నాటాం. వానలు పడ్డాయి, బోరు పోసింది. రెండున్నర నెలల్లో నా కన్నా ఎత్తు పెరిగింది. నేను కూడా చెయ్యెత్తి ఫోటో దిగాను, దాచేదేముంది. కోయడం మొదలుపెట్టాక అసలు సమస్య తెలిసింది. మూడు బర్రెలు రోజుకి తొంభై, వంద కిలోలు తింటాయి. పొలంలో గడ్డేమో అంతా ఒకేసారి కోతకొచ్చింది. ఈ చివర నుంచి కోసుకుంటూ ఆ చివరకి పోయేసరికి రెండు నెలలు దాటింది. అక్కడి గడ్డి అప్పటికి పన్నెండు అడుగులు. నాన్న ఒక కర్ర విరిచి చూసి, "ఇది గడ్డా, చెరుకా రా?" అన్నాడు. బర్రెలు ఆకు తిని కర్ర వదిలేసినయి. గాటి కింద కుప్పలు కుప్పలుగా మిగిలింది. పాలు పూటకి లీటర్ తగ్గినయి. నాన్న ఏమీ అనలేదు. మళ్లీ వరిగడ్డి, తవుడు కొనుక్కొచ్చాడు.

ఎందుకలా అయింది? గడ్డి ఎత్తు పెరిగేకొద్దీ ఆకు భాగం తగ్గి కర్ర భాగం పెరుగుతుంది. పీచు ముదురుతుంది. హైబ్రిడ్ నేపియర్‌ని 45 రోజులకి కోస్తే అందులో మాంసకృత్తులు సుమారు 8 నుంచి 10 శాతం ఉంటాయి. అదే 80, 90 రోజులు వదిలేస్తే 5, 6 శాతానికి పడిపోతాయి. అంటే దాదాపు వరిగడ్డికి దగ్గరగా వచ్చేసింది అన్నమాట, నీళ్లు ఎక్కువున్న వరిగడ్డి. ఇంకో లెక్క చూడండి. పచ్చి నేపియర్‌లో 80 శాతం నీళ్లే. ముప్పై కిలోల మోపు నెత్తిన పెట్టుకుని తెస్తే, అందులో బర్రెకి నిజంగా ఒంటపట్టేది ఆరు కిలోల ఎండు పదార్థం. నాలుగు వందల కిలోల బర్రెకి రోజుకి పది నుంచి పన్నెండు కిలోల ఎండు పదార్థం కావాలి. కాబట్టి "టన్నులు" అని ఎవరైనా అంటే, ఎన్ని రోజుల గడ్డి, ఎంత నీళ్లు అని అడగండి. రీల్‌లో చెప్పరు.

ఇక్కడ ఒక పక్క మాట. చలి దేశాల్లో ఆర్చర్డ్ గ్రాస్ అని ఒక గడ్డి ఉంది. పండ్ల తోటల నీడలో కూడా బాగా పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. అమెరికాలో కెంటకీ, వర్జీనియా, పెన్సిల్వేనియా వైపు రైతులు దాన్ని ఎండుగడ్డికీ, మేతకీ వేస్తారు. అందులో బోలెడు రకాలు. పొటోమాక్ అనేది త్వరగా వెన్ను తీసే పాత రకం, పెన్‌లేట్ అనేది ఆలస్యంగా తీసేది. అక్కడ తెలివైన రైతు రకం ఎంచుకునేటప్పుడు మొదట చూసేది దిగుబడి కాదు, అది ఎప్పుడు వెన్ను తీస్తుందో. ఎందుకంటే వెన్ను తీయగానే గడ్డి నాణ్యత జారిపోవడం మొదలవుతుంది. త్వరగా వచ్చే రకమైతే వసంతకాలం వానల్లో కోతకొస్తుంది. కోసి ఎండబెట్టడానికి ఎండ ఉండదు. వదిలేస్తే ముదిరిపోతుంది. ఆలస్యం రకమైతే కొంచెం ఎండ కాసే రోజులకి అందుతుంది. పైగా లూసర్న్‌తో కలిపి వేస్తే, రెండూ ఒకేసారి కోతకొస్తాయి. అంటే వాళ్లు ముందు తమ క్యాలెండర్ చూసుకుని, ఆ తర్వాతే విత్తనం కొంటారు.

ఆన్‌లైన్‌లో ఆర్చర్డ్ గ్రాస్ విత్తనం దొరుకుతోంది, మనం వేయొచ్చా అని కూడా కొందరు అడిగారు. కశ్మీర్, హిమాచల్ కొండల్లో అది పండుతుంది. మన దగ్గర మే నెలలో 42 డిగ్రీల ఎండకి నిలవదు. డబ్బులు పారేసుకోకండి. కానీ వాళ్ల పద్ధతి మాత్రం మనకి పనికొస్తుంది. ఏ గడ్డి గొప్పది అని కాదు, నా గడ్డి బర్రె నోటికి ఏ దారిలో చేరుతుంది అని అడగాలి. రోజూ కోసి వేస్తానా? ఎండబెట్టి దాచి ఎండాకాలం వేస్తానా? పశువునే పొలంలోకి తోలి మేపుతానా? ఈ మూడు దారులకి ఒకే గడ్డి సరిపోదు. నేను చేసిన తప్పు అదే.

మొదట రోజూ కోసి వేసేవాళ్ల సంగతి. నీళ్లు ఏడాది పొడుగునా ఉంటే హైబ్రిడ్ నేపియర్ మంచిదే, నేను దానికి శత్రువుని కాదు. నేపియర్ అంటే ఆఫ్రికా గడ్డి, దాన్ని మన సజ్జతో కలిపితే హైబ్రిడ్ వచ్చింది. సీఓ-4 కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2008లో ఇచ్చిన రకం. మన దగ్గర రాజేంద్రనగర్ నుంచి వచ్చింది ఏపీబీఎన్-1. సూపర్ నేపియర్ అని మనం అనేది థాయ్‌లాండ్ రకం, అక్కడ దాని పేరు పాక్‌చోంగ్-1. ఈ మూడింటి మధ్య తేడా ఉంది, కాదనను. సీఓ-4లో పిలకలు ఎక్కువ, కాండం కొంచెం మెత్తన. సూపర్ నేపియర్ ఎత్తు ఎక్కువ, కాండం లావు, చాఫ్ కట్టర్ లేకపోతే కష్టం. కానీ రకాల మధ్య తేడా కన్నా, 45 రోజులకి కోశామా 80 రోజులకి కోశామా అన్న తేడా చాలా పెద్దది. మూడు బర్రెలున్నవాళ్లు ఎత్తు తక్కువ, ఆకు ఎక్కువ ఉన్న రకం తీసుకోండి. సైలేజ్ పెట్టేవాళ్లూ, పెద్ద మిషన్ ఉన్నవాళ్లూ లావు రకం గురించి ఆలోచించొచ్చు.

ఒక విషయం గట్టిగా చెప్తున్నా. "సూపర్ నేపియర్ విత్తనాలు" అని ప్యాకెట్లు అమ్ముతుంటారు, ఫోటో మీద పచ్చగా ఉంటుంది. కొనకండి. ఈ హైబ్రిడ్ గడ్డి మొలకెత్తే విత్తనం కట్టదు. దీన్ని రెండు కణుపుల ముక్కలతోనో, వేరు పిలకలతోనో పెంచాలి. పక్క ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. ఊళ్లో ఇచ్చేది చాలావరకు ఉచితమే. నేను పది వేలు పెట్టిన ముక్కలు మా మండలంలోనే ఒక రైతు దగ్గర ఉన్నాయని తర్వాత తెలిసింది. అడిగితే, "బండి తెచ్చుకో తమ్మీ, కోసుకపో" అన్నాడు.

నాటేటప్పుడు మొత్తం ఒకే రోజు నాటకండి. ఇప్పుడు మేము చేస్తున్నది చెప్తాను. పదిహేను గుంటలని తొమ్మిది మడులుగా చేశాం. మొదటి మడి నాటాక ఐదు రోజులకి రెండోది, మరో ఐదు రోజులకి మూడోది, అలా. మొదటి కోత 75, 80 రోజులకి వస్తుంది. ఒక మడి గడ్డి ఐదు రోజులకి సరిపోతుంది. తొమ్మిదో మడి అయ్యేసరికి మొదటి మడి మళ్లీ 45 రోజుల గడ్డి అయి ఉంటుంది. బర్రెకి ఎప్పుడూ ఒకే వయసు గడ్డి పడుతుంది. కోసేటప్పుడు భూమికి ఐదారు అంగుళాలు వదలండి. మరీ మట్టుగా కోస్తే పిలకలు బలహీనపడతాయి. కోత అవగానే పెంట, కొంచెం యూరియా వేసి నీళ్లు పెట్టాలి. ఊరికే తీసుకుంటూ పోతే ఏ గడ్డైనా రెండేళ్లలో పలచబడుతుంది.

నేపియర్ ఒక్కటే వేస్తే ఇంకో చిక్కుంది. అందులో ఆక్సలేట్లు ఉంటాయి, అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. పాలిచ్చే పశువుకి కాల్షియం ఎంత అవసరమో మీకు తెలుసు. ఖనిజ లవణ మిశ్రమం రోజూ పెట్టాలి. దాంతోపాటు పప్పుజాతి గడ్డి కలపాలి. మూడు వంతుల్లో ఒక వంతు దశరథ గడ్డి కానీ, లూసర్న్ కానీ, అలసంద కానీ, గట్ల మీద అవిసె కానీ. దశరథ గడ్డి అంటే హెడ్జ్ లూసర్న్. మా ఎర్రనేలకి అదే బాగా కుదిరింది. విత్తనం పైతోలు గట్టిగా ఉంటుంది. 80 డిగ్రీల వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, తర్వాత రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టి వేస్తేనే మొలక బాగుంటుంది. 80 డిగ్రీలంటే మరిగే నీళ్లు కాదు, పొయ్యి మీద నుంచి దింపి కాసేపు ఆగాక వేయాలి. మొదటిసారి నేను మరిగే నీళ్లలో వేశాను. ఉడికిపోయినయి.

ఇక ఆ పడ్డ సంగతి.

ఆ ఏడాది మార్చికల్లా మా బోరు సన్నగిల్లింది. నేపియర్‌కి వారానికోసారైనా తడి కావాలి. ఇవ్వలేకపోయాం. ఆకులు ఎండి గోధుమరంగుకి వచ్చినయి. రీల్‌లో చెయ్యెత్తినాయన దీని గురించి కూడా చెప్పలేదు. ఎండుగడ్డి దాచుకోలేదు, ఎందుకంటే "ఏడాదంతా పచ్చగడ్డే" అనుకున్నాం కదా. ఫిబ్రవరిలో చల్లిన పది గుంటల పచ్చజొన్న ఒకటి ఉండేది. అదీ నీళ్లు లేక మోకాలి ఎత్తులో ఆగిపోయి, మాడిపోయింది. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన. మూడు నాలుగు రోజులకి ఆ మోళ్ల నుంచి లేత చిగురు వచ్చింది. ఎంత పచ్చగా ఉందంటే, నెల రోజులుగా వరిగడ్డి నములుతున్న పశువుల్ని చూసి నాకు జాలేసింది. నాన్న పెళ్లికి పోయాడు. నేను బర్రెల్నీ పడ్డనీ విప్పి అందులోకి తోలాను.

ఇరవై నిమిషాలు కూడా కాలేదు. పడ్డ నోరు తెరిచి గసపోయడం మొదలుపెట్టింది. కాళ్లు వణికినయి. నురగ వచ్చింది. పడిపోయింది. పక్క చేను పెద్దాయన పరిగెత్తుకొచ్చి ఒక్కటే మాట అన్నాడు: "నాము తిన్నదిరా!" మిగతావాటిని ఆయనే కొట్టి బయటకి తోలాడు. డాక్టర్ గారు వచ్చేసరికి ముప్పావు గంట. బర్రెలకి నరానికి ఇంజెక్షన్ ఇచ్చారు, అవి బతికినయి. పడ్డ అప్పటికే పోయింది. ఐదు నెలల చూడి.

నాము అంటే ఏంటో మనలో చాలామందికి తెలియదు. మా నాన్నకి తెలుసు, వాళ్ల నాన్నకి తెలుసు. జాబ్ చేసుకునే పిల్లోడికి అవసరం లేదనుకుని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. లేత జొన్నలో, ఎండకి గిడసబారిన జొన్నలో, కోసిన మోడు నుంచి వచ్చిన కొత్త చిగురులో ఒక పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు అది విడిపోయి హైడ్రోజన్ సయనైడ్ అవుతుంది. అవును, సినిమాల్లో వినే సయనైడే. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా ఒంట్లో కణాలు వాడుకోలేవు. అందుకే గసపోస్తుంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు దీనికి మందు, పశువైద్యుడే ఇవ్వాలి. ఆరోజు డాక్టర్ గారు నన్ను తిట్టలేదు. "మందు ఉంది బాబూ, టైమే ఉండదు" అన్నారు.

కాబట్టి జొన్నజాతి ఏది వేసినా ఇది గుర్తుంచుకోండి. సీఓఎఫ్ఎస్-29 అనే బహుకోత జొన్న ఇప్పుడు బాగా నడుస్తోంది. సన్న కాండం, గొర్రెలు ఇష్టంగా తింటాయి, ఎకరానికి రెండు కిలోల విత్తనం చాలు. మొదటి కోత 65 రోజులకి, ఆ తర్వాత 50 రోజులకొకసారి. మంచి గడ్డి, నేనూ వేస్తున్నాను. కానీ అదీ జొన్నే. 50 రోజుల లోపు, పూత రాకముందు కోయకూడదు. నీటి ఎద్దడిలో ఉన్నప్పుడు కోయకూడదు. ఎండిన చేనుకి వాన పడ్డాక వచ్చిన చిగురుమీద పశువుని అస్సలు వదలకూడదు. ఖాళీ కడుపుతో ఉన్న పశువుకి ప్రమాదం ఇంకా ఎక్కువ. కోసి పూర్తిగా ఎండబెడితే నాము చాలావరకు పోతుంది. మీ తమ్ముడో, చెల్లో, ఇంట్లో కొత్తగా పశువులు చూసేవాళ్లెవరైనా ఉంటే, ఈ ఒక్క ముక్క వాళ్లకి చెప్పండి. మిగతా వీడియో చూడకపోయినా పర్లేదు.

సరే. ఇప్పుడు ఎండుగడ్డి.

మనం ఎండుగడ్డి అంటే వరిగడ్డే అనుకుంటాం. అది గింజ తీసేశాక మిగిలిన గడ్డి, కడుపు నింపుతుంది గానీ బలం తక్కువ. పశుగ్రాసాన్నే మంచి వయసులో కోసి, ఆకు పచ్చదనం పోకుండా ఎండబెట్టి దాచేది వేరు. ఇదేమీ విదేశీ సంగతి కాదు. కృష్ణా డెల్టాలో వరి కోతకి ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లేవాళ్లు. వరి కోశాక మిగిలిన తడికే అది పెరిగేది. పూత దశలో కోసి, ఎండబెట్టి, వాము వేసి, ఎండాకాలం గేదెలకి వేసేవాళ్లు. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో చేస్తున్నారు. డెల్టా వాళ్లు చూస్తుంటే మీ తాతగారినో, అమ్మమ్మనో అడగండి, నాకన్నా బాగా చెప్తారు.

ఎండబెట్టడానికి నేపియర్ పనికిరాదు. ఆకు ఎండి పొడి అవుతుంది, లోపల లావు కర్ర తడిగానే ఉంటుంది. వాములో పెడితే బూజు. నేపియర్‌ని దాచాలంటే ఒకరోజు వాడబెట్టి, ముక్కలు చేసి, కొంచెం బెల్లం నీళ్లు చల్లి సైలేజ్ పెట్టుకోవాలి. ఎండుగడ్డికి సన్న కాండం ఉన్నవి కావాలి. అంజన్ గడ్డి, రోడ్స్ గడ్డి, సన్న జొన్న, అలసంద, జనుము, లూసర్న్. ఇక్కడే ఆ ఆర్చర్డ్ గ్రాస్ రైతు క్యాలెండర్ మనకి పనికొస్తుంది. జూన్‌లో విత్తిన గడ్డి ఆగస్టులో కోతకొస్తే ఎక్కడ ఎండబెడతారు? వానల్లో కుళ్లిపోతుంది. అందుకని మేము ఎండుగడ్డి కోసం వేసేది ఆగస్టు చివర వేస్తాం. నవంబర్‌లో, ఆకాశం తేటపడ్డాక కోతకొస్తుంది. మీ జిల్లాలో తుఫాన్లు నవంబర్ దాకా ఉంటే ఇంకా వెనక్కి జరపండి. కోస్తావాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

కోత పూత మొదలయ్యేటప్పుడు. పొద్దున మంచు ఆరాక కోసి పలచగా పరచాలి. మధ్యాహ్నం ఒకసారి తిప్పాలి. పప్పుజాతి అయితే నడి ఎండలో తిప్పొద్దు, ఆకు రాలిపోతుంది, బలమంతా ఆకులోనే ఉంది. మంచు ఆరీ ఆరకముందే మెల్లగా తిప్పాలి. మూడు నాలుగు రోజుల్లో తేమ 15 శాతం దగ్గరకి రావాలి. 20 దాటి ఉండగా వాము వేస్తే లోపల వేడెక్కుతుంది, బూజు పడుతుంది, ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది కూడా. తేమ ఎలా తెలుస్తుంది? మీటర్ కొనక్కర్లేదు. ఒక గాజు సీసా తీసుకోండి, బాగా ఆరబెట్టిన ఉప్పు రెండు చెంచాలు వేయండి, గడ్డిని సన్నగా కత్తిరించి సగం దాకా నింపండి, మూత పెట్టి రెండు మూడు నిమిషాలు ఊపండి. ఉప్పు పొడిపొడిగా ఉంటే గడ్డి ఎండినట్టు. గడ్డకడితే ఇంకోరోజు ఎండలో ఉంచండి. ఉప్పు మాత్రం పొడిగా ఉండాలి. వానాకాలం వంటింట్లో డబ్బాలోది నేరుగా తెస్తే అది ముందే గడ్డకట్టి ఉంటుంది. మా అమ్మ నవ్వింది.

లెక్క గుర్తుంచుకోండి: వంద కిలోల పచ్చి గడ్డి ఎండితే సుమారు 23 కిలోలు. తక్కువనిపిస్తుంది. కానీ ఏప్రిల్‌లో బోరు ఆగినప్పుడు ఆ 23 కిలోలే మీ చేతిలో ఉండేది. మూడు బర్రెలకి ఏప్రిల్, మే రెండు నెలలు రోజుకి నాలుగేసి కిలోలు వేసుకున్నా, ఏడు వందల కిలోల పైన కావాలి. మిగతాది వరిగడ్డితో నడుస్తుంది.

ఇక మేపడం. గొర్రెలున్నవాళ్ల కోసం ఇది. నేపియర్ పొలంలోకి గొర్రెల్ని తోలితే గడ్డి మిగలదు. మేతకి నేలబారుగా ఉండి, కొరికినా మళ్లీ లేచే గడ్డి కావాలి. బోరు లేని చెలకకి అంజన్ గడ్డి, దాంతో కలిపి స్టైలో. అంజన్ ఎండకి ఓర్చుకుంటుంది. స్టైలో పప్పుజాతి, గొర్రెకి మాంసకృత్తులు ఇస్తుంది, నేలకి నత్రజని ఇస్తుంది. స్టైలో విత్తనాన్నీ వేడినీళ్లలో పెట్టే వేయాలి. తొలకరి పడ్డాక దుక్కి చేసి పైపైన చల్లి, ముళ్లకంపతో ఒకసారి లాగితే చాలు. లోతుగా పడితే మొలవదు. తడి నిలిచే పల్లం అయితే ఈ రెండూ బతకవు, అక్కడ పారా గడ్డి.

మామిడి, కొబ్బరి తోటలున్నవాళ్లు వరుసల మధ్య గినీ గడ్డి పెట్టొచ్చు. నీడకి బాగా ఓర్చుకుంటుంది. అమెరికా వాళ్ల ఆర్చర్డ్ గ్రాస్ చేసే పని మన తోటల్లో ఇది చేస్తుంది. కాకపోతే చెట్టు పాదు దగ్గర వేయకండి, చెట్టు నీళ్లు తాగేస్తుంది.

మేతలో అసలు కష్టం విత్తనం కాదు, ఓపిక. మొదటి ఏడాది గొర్రెల్ని లోపలికి తోలకూడదు. గడ్డి వేరు పట్టి, పూసి, విత్తనం రాలాలి. కావాలంటే చివర్లో ఒకసారి కోసుకోవచ్చు. మా నాన్నని ఆపడం ఎంత కష్టమైందో చెప్పలేను. "కళ్ల ముందర పచ్చగ కనవడుతుంటే గొర్రెను ఆకలికి సంపుకుంటమా?" అనేవాడు. ఆయన మాటలో న్యాయముంది. అందుకే ఎకరంలో పావు మాత్రమే వేసి, మిగతా పాత బీడు మేతకి వదిలాం. రెండో ఏడాది ఇంకో పావు. ఇప్పుడు కంచె వేసి నాలుగు ముక్కలు చేశాం. ఒక్కో ముక్కలో వారం, పదిరోజులు మేపి మూసేస్తాం. ఒక్కో ముక్కకి దాదాపు నెల విశ్రాంతి. కంచె ఖర్చు విత్తనం ఖర్చు కన్నా చాలా ఎక్కువైంది, ముందే చెప్తున్నా.

ఇవన్నీ కలిపి ఇప్పుడు మా పొలం ఎలా ఉందో చెప్పి ఆపేస్తాను. పదిహేను గుంటల సీఓ-4 తొమ్మిది మడుల్లో. ఐదు గుంటల దశరథ గడ్డి. పది గుంటల్లో వానాకాలం చివర బహుకోత జొన్న, అలసంద కలిపి, ఎండుగడ్డి కోసం. అర ఎకరం అంజన్, స్టైలో. మిగిలింది మా తిండికి. సూపర్ నేపియర్ పూర్తిగా తీసెయ్యలేదు, గట్టు మీద రెండు వరుసలున్నాయి, సైలేజ్‌కి. ఎండాకాలం బోరు ఇప్పటికీ సన్నగిల్లుతుంది. నేపియర్ సగం ఎండుతుంది, వానలకి మళ్లీ లేస్తుంది. ఈలోగా వాములో గడ్డి ఉంటుంది. పాలు అంతగా పడిపోవట్లేదు.

విత్తనం కోసం ముందు మీ ఊరి పశువుల ఆసుపత్రిలో అడగండి. పశుసంవర్ధక శాఖ సబ్సిడీ మీద గడ్డి విత్తనాలు ఇస్తుంటుంది, అన్ని వేళలా ఉండవు, తొలకరికి ముందే పేరు రాయించుకోవాలి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి: ఎన్ని పశువులు, ఏ నెలలో బోరు తగ్గుతుంది, ఏ నెలలో మీ దగ్గర వరుసగా నాలుగు రోజులు ఎండ ఉంటుంది, చాఫ్ కట్టర్ ఉందా లేదా. అవి చూసి డాక్టర్ గారు చెప్పే రకం, నేను ఇక్కడ కూర్చుని చెప్పేదాని కన్నా మీకు బాగా సరిపోతుంది.

నాన్న పిలుస్తున్నాడు, ఏడో మడి కోయాలి. వచ్చే ఎపిసోడ్‌లో సైలేజ్ సంచుల గురించి మాట్లాడదాం, ఎలుకలతో నా యుద్ధం కూడా చెప్తాను. ఉంటాను మరి.